ఏరియా మారిపోతోంది, అద్దె పెరిగిపోతోంది: ఉండాలా, కొనాలా, వెళ్ళిపోవాలా?

మా పాత బిల్డింగ్‌లో మెట్ల కింద గోడకి 14 పోస్ట్ డబ్బాలు ఉండేవి. మేం చేరినప్పుడు అన్నిటి మీదా చేత్తో రాసిన పేర్లే, ఒకదాని మీద అన్నదమ్ములిద్దరి పేర్లూ కలిపి, ఇంకోదాని మీద ఆవిడ పోయి ఏళ్ళయినా వాళ్ళాయన తీయనివ్వని పేరు. రెండేళ్ళు తిరిగేసరికి 9 డబ్బాల మీద పేర్లు మారిపోయాయి, అందులో 4 డబ్బాలకైతే పేరే లేదు, ఫ్లాట్ నంబర్ ఒక్కటే, ఆ ఇళ్ళ తలుపుల పక్కన నంబర్లు తిప్పి తెరుచుకునే చిన్న తాళాల పెట్టెలు వచ్చాయి, అంటే రెండ్రోజులు మూడ్రోజులు ఉండి పోయేవాళ్ళకి ఇస్తున్నారన్నమాట. వీధిలో కొత్త షాపులు, కొత్త లైట్లు, శుభ్రమైన ఫుట్‌పాత్ అన్నీ చూసి సంతోషపడ్డాం గానీ, ఆ డబ్బాల వంక చూసి అర్థం చేసుకోవాల్సింది అర్థం చేసుకోలేదు. బిల్డింగ్ అమ్మేశారు అని తెలిసిన రోజున మా దగ్గర ఉన్నది 2 నెలల గడువు, స్కూల్ సంవత్సరం మధ్యలో ఉన్న పిల్లలు, ఎప్పుడూ పూర్తిగా చదవని అగ్రిమెంట్. అందుకే ఇది రాస్తున్నా, మీ ఏరియా కూడా ఇలా మారుతుంటే మీ ముందున్న దారులేంటో, ఏది ఎవరికి పనికొస్తుందో, నాకు అర్థమైనంత వరకు చెప్తా.

దీన్ని జెంట్రిఫికేషన్ అంటారు. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్‌లో కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఉండే పేటల్లోకి డబ్బున్నవాళ్ళు వచ్చి ఇళ్ళు కొని బాగుచేసుకోవడం, ఒకసారి మొదలయ్యాక పాతవాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయేదాకా అది ఆగకపోవడం గమనించి ఈ పేరు పెట్టారు, జెంట్రీ అంటే అక్కడ ఒకప్పటి కలిగిన కుటుంబాల వర్గం. పేరు కన్నా మనకి ముఖ్యం ఇది ఎందుకు జరుగుతుందనేది. 1979లో నీల్ స్మిత్ అనే భూగోళ శాస్త్రవేత్త చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది, ఒక స్థలం మీద ఇప్పుడు వస్తున్న రాబడి ఒకటి, అదే స్థలాన్ని బాగా వాడితే రాగలిగే రాబడి ఇంకొకటి, బిల్డింగ్ పాతబడి రిపేర్లు లేక మొదటిది పడిపోతుంటే, చుట్టూ ఊరు పెరిగి రెండోది పైకి పోతుంటే, ఆ రెండిటి మధ్య తేడా ఎక్కడ పెద్దదైతే అక్కడికి కొనేవాళ్ళు వస్తారు.

ఈ లెక్క మీ బిల్డింగ్‌కి పెట్టి చూడండి. పక్కవన్నీ కొత్త రంగులు వేసుకుని మీది ఒక్కటే పైపు కారుతూ, లిఫ్ట్ నెలల తరబడి ఆగిపోయి, ఓనర్ ఫోన్ ఎత్తకుండా ఉంటే అది ఆయన పిసినారితనం అని సరిపెట్టుకోకండి, అమ్మే ఆలోచన ఉన్నవాడు రిపేర్ మీద డబ్బు పెట్టడు కదా. మేం లిఫ్ట్ గురించి ఏడాది పాటు గొడవపడ్డాం గానీ ఎందుకు చేయించట్లేదో ఒక్కసారి కూడా అడగలేదు.

ముందు ఇవి తేల్చుకోండి

చాలామంది నేరుగా అద్దె అంకె దగ్గర మొదలుపెడతారు, ఇక్కడ ఇంత, అక్కడ అంత, తేడా ఇంత అని. నా దృష్టిలో అది చివర చూడాల్సిన అంకె. అద్దె ఎంత అన్నదానికంటే ఈ ఇంట్లో ఎంతకాలం ఉండగలం అన్నది పెద్ద ప్రశ్న, ఎందుకంటే తక్కువ అద్దెకి ఆర్నెల్లు ఉండి బలవంతంగా ఖాళీ చేయడం కన్నా కొంచెం ఎక్కువ కట్టి నాలుగేళ్ళు నిశ్చింతగా ఉండటం చవక. సామాన్లు మోయించే ఖర్చు, కొత్త డిపాజిట్, రెండు ఇళ్ళకీ కలిపి కట్టే ఒక నెల అద్దె, సెలవలు పెట్టిన రోజుల జీతం, ఇవన్నీ రాసి అక్కడ ఉండబోయే నెలలతో భాగించి చూడండి, చవక అనుకున్న ఇల్లు చాలాసార్లు చవక కాదు.

కాలం గురించి తెలియాలంటే బిల్డింగ్ ఎవరి చేతిలో ఉందో తెలియాలి. అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఉంటూ అద్దెలతో బతికే పెద్దాయన ఒక రకం, ఆయన పోయాక వాటాలు పంచుకోవాల్సిన నలుగురు పిల్లలు ఇంకో రకం, ఈమధ్యే కొన్న కంపెనీ పూర్తిగా వేరే రకం. కంపెనీ కొన్నదంటే పెట్టిన డబ్బు ఇంతలో తిరిగి రావాలని లెక్క వేసుకునే కొంటుంది, ఆ లెక్కలో మీ ఇప్పటి అద్దె ఉండదు. రిజిస్ట్రేషన్ రికార్డులు చూసే వీలుంటే చూడండి, లేకపోతే వాచ్‌మన్‌నో, మెయింటెనెన్స్ చేసేవాళ్ళనో అడగండి, కొలతలు తీసుకోవడానికి ఎవరొచ్చారో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

రెండోది, మీ జీవితం ఈ ఏరియాకి ఎంత ముడిపడి ఉంది అన్నది. దీన్ని మనసులో అనుకోకుండా కాగితం మీద రాయండి, నడిచి వెళ్ళే దూరంలో ఉన్న ఏయే మనుషుల మీద, ఏయే చోట్ల మీద మీ వారం నడుస్తోందో. మా ఇంట్లో రాస్తే తేలింది ఏంటంటే నాకూ మా ఆయనకీ ఆఫీస్ ఎటూ దూరమే, మేం ఎక్కడున్నా ఒకటే, కానీ మా అత్తగారికి డాక్టర్, సాయంత్రం కూర్చునే బెంచీ, మందులు అరువిచ్చే షాపు, పడిపోతే పరిగెత్తుకొచ్చే పక్కింటామె, అన్నీ 300 అడుగుల దూరంలోనే ఉన్నాయి. ఇల్లు మారడం మాకు చిరాకు మాత్రమే, ఆవిడకి ఉన్న ఆధారమంతా పోవడం. ఇది మేం రాసుకోకముందు మాలో ఎవ్వరం గుర్తించలేదు.

అద్దెకే ఉండిపోవడం

మారుతున్న ఏరియా అంటే పాతవాళ్ళందరూ వెంటనే వెళ్ళిపోవాల్సిందే అని చాలామంది భయపడతారు, అంత ఖాయమేం కాదు. న్యూయార్క్‌లో 1990ల నాటి లెక్కలు చూసి ఫ్రీమన్, బ్రకోనీ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో తేల్చింది ఏంటంటే, మారుతున్న పేటల్లోని పేద కుటుంబాలు మారని పేటల్లో వాళ్ళకన్నా తక్కువగానే ఇళ్ళు మారాయని. ఏరియా బాగుపడుతుంటే ఎలాగోలా అంటిపెట్టుకుని ఉండాలనే ఎవరికైనా ఉంటుంది కదా. కానీ దీన్ని చూసి ధీమాగా ఉండకూడదు, ఒకసారి వాళ్ళు ఖాళీ చేస్తే ఆ ఇంట్లోకి వాళ్ళలాంటి కుటుంబం మళ్ళీ రాలేదు, పోస్ట్ డబ్బాల మీద పేర్లు మారేది అలాగే.

ఉండాలనుకుంటే అగ్రిమెంట్‌లో మూడు విషయాలు చూడండి: ఎన్నేళ్ళు, అద్దె ఏడాదికి ఎంతకి మించి పెంచకూడదు, ఇల్లు అమ్మితే కొన్నవాళ్ళు కూడా ఈ అగ్రిమెంట్‌కి కట్టుబడి ఉండాలా లేదా. మూడోది చాలా అగ్రిమెంట్లలో అసలు ఉండదు, మాదాంట్లోనూ లేదు. కొన్ని చోట్ల చట్టమే కాపాడుతుంది, కొన్ని చోట్ల రిజిస్టర్ చేయిస్తేనే చెల్లుతుంది, అందుకని మీ దగ్గర చట్టం ఏం చెప్తోందో ఒక లాయర్‌కి ఫీజు ఇచ్చి అయినా కనుక్కోండి. న్యూయార్క్ నగరం 2017లో, ఖాళీ చేయిస్తున్నారని కోర్టుకెక్కిన తక్కువ ఆదాయం వాళ్ళకి నగరమే లాయర్‌ని ఇచ్చేలా చట్టం చేసింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. లాయర్ పక్కన ఉండటం, లేకపోవడం మధ్య తేడా అంత ఉంటుంది కాబట్టే కదా అలాంటి చట్టం పెట్టింది.

అద్దె నియంత్రణ ఉన్న ఇల్లు దొరికితే అదృష్టమే, కానీ దానిమీద పూర్తి భారం వేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980కి ముందు కట్టిన చిన్న బిల్డింగులకి కూడా 1994లో అద్దె నియంత్రణ తెచ్చారు, దాని ఫలితాలని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే అప్పటికే ఉన్న అద్దెదారులు అదే ఇంట్లో ఎక్కువకాలం ఉండగలిగారు, అది నిజం, కానీ ఓనర్లు ఫ్లాట్లుగా అమ్మేసి, పడగొట్టి కొత్తవి కట్టి అలాంటి అద్దె ఇళ్ళని 15 శాతం తగ్గించేశారు, ఇళ్ళు తగ్గేసరికి నగరం మొత్తంలో అద్దెలు పెరిగాయి. అంటే అద్దె అదుపులో ఉన్నా ఇల్లే మాయమయ్యే దారి ఒకటి తెరిచి ఉండొచ్చు, ఓనర్‌కి ఫ్లాట్లుగా విడదీసి అమ్ముకునే వీలుందా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

బెర్లిన్‌లో జరిగింది ఇంకో పాఠం. 2020 ఫిబ్రవరిలో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం అద్దెలు 5 ఏళ్ళు పెరగకుండా ఆపేసింది, 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదని కొట్టేసింది, దాంతో తక్కువ కట్టిన నెలలకి తేడా మొత్తం తిరిగి కట్టాల్సిన పరిస్థితి చాలామందికి వచ్చింది. కాబట్టి కోర్టులో నలుగుతున్న రూల్ వల్ల మీకు అద్దె తగ్గితే ఆ తగ్గిన భాగాన్ని ఖర్చు పెట్టకండి, వేరే ఖాతాలో పక్కన పెట్టండి. కేసు గెలిస్తే అది మీ పొదుపు, ఓడినా మీ నిద్ర చెడదు.

ఇంట్లో పెద్దవాళ్ళు, చదువుకునే పిల్లలు ఉండి, ఓనర్ మనిషిగా మాట్లాడే రకమై ఉంటే కొనడం, వెళ్ళిపోవడం కన్నా ముందు ఇదే ప్రయత్నించండి అంటాను, అద్దె కొంచెం పెంచుతాను, బదులుగా 3 ఏళ్ళు రాసివ్వండి అని మీరే ముందు అడగండి. ఖాళీగా ఉండే నెలల భయం ఓనర్‌కీ ఉంటుంది.

అదే ఏరియాలో కొనడం

ధరలు పెరుగుతున్నాయి, ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేం అనే మాట ఇంట్లో, ఆఫీస్‌లో, బంధువుల్లో అందరి నోటా వింటాం. సొంత ఇల్లు ఉన్నవాడికి ఏరియా మారడం వల్ల లాభమే, అద్దె పెరుగుదల అనే దెబ్బ తగలదు, అమ్ముకుంటే విలువా వస్తుంది, కాదనను. కానీ ఏ దశలో కొంటున్నారన్నది చూడాలి. మెట్రో స్టేషనో పార్కో వస్తుందని వార్త రాగానే సగం పెరుగుదల ధరలోకి ఎక్కేస్తుంది, అది తెరుచుకునే రోజుకి మీరు కట్టేది వేరేవాళ్ళ లాభం. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద హై లైన్ అనే పార్కు 2009లో తెరిచారు, చుట్టూ ఖరీదైన అపార్ట్‌మెంట్లు వరసగా లేచాయి, అక్కడ బాగుపడింది అంతకుముందు నుంచీ స్థలం ఉన్నవాళ్ళు.

ఈఎంఐ ఒక్కటే లెక్క వేసుకుని కొనేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది. ఏరియా విలువ పెరిగితే ఆస్తి పన్ను పెరుగుతుంది, కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువైతే బిల్డింగ్ మీటింగ్‌లో ఓట్లు మారిపోయి జిమ్ కావాలి, గేటు కావాలి అని మెయింటెనెన్స్ పెంచుతారు, మీకు అక్కర్లేకపోయినా కట్టాల్సిందే. ఈఎంఐ, పన్ను, మెయింటెనెన్స్, రిపేర్లకి కొంత, అన్నీ కలిపి ఇంటికొచ్చే జీతంలో మూడో వంతు దాటుతోందంటే నా సలహా ఆగమనే, ఒక ఉద్యోగం పోయినా ఆర్నెల్లు నెట్టుకురాగలమా అని కూడా చూసుకోండి. కనీసం 6, 7 ఏళ్ళు అక్కడే ఉంటామన్న నమ్మకం లేకపోతే రిజిస్ట్రేషన్ ఖర్చులే వెనక్కి రావు. అందరూ పొగిడే వీధిలో చిన్న ఫ్లాట్ కోసం ఉన్నదంతా ఊడ్చేకన్నా, రెండు వీధులు అవతల అదే స్కూల్‌కి నడిచివెళ్ళే దూరంలో పాత బిల్డింగ్‌లో పెద్ద ఫ్లాట్ తీసుకోవడం మేలు, కాకపోతే ఆ పాత బిల్డింగ్ పడగొట్టి కట్టే మాటలు నడుస్తున్నాయేమో ముందే కనుక్కోవాలి, నడుస్తుంటే కొన్న ఏడాదికే మళ్ళీ అద్దె ఇల్లు వెతుక్కోవాలి.

వెళ్ళిపోవడం

దీన్ని ఓటమిలా చూడటం వల్లే చాలామంది ఆఖరి నిమిషం దాకా కదలరు. మీ అంతట మీరు టైమ్ చూసుకుని వెళ్ళడం వేరు, గడువు పెట్టి పంపిస్తే వెళ్ళడం వేరు, గడువులో వెతికేవాడు దొరికింది తీసుకుంటాడు. మేం రెండో రకంగా వెళ్ళాం. దొరికిన ఇల్లు బస్ దిగి 25 నిమిషాలు నడవాలి, అద్దెలో మిగిలింది ఆటోలకి పోయింది, అత్తగారు ఆ ఏడాదంతా కిటికీ దగ్గరే కూర్చున్నారు, ఎవరైనా పలకరిస్తే పాత వీధి గురించే చెప్పేవారు. డబ్బు లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు.

వెళ్ళాలనుకుంటే కొత్త చోటుని ఆదివారం మధ్యాహ్నం చూసి నిర్ణయించుకోకండి, ఒక పనిదినం పొద్దున అక్కడి నుంచే ఆఫీస్‌కి, స్కూల్‌కి వెళ్ళి రండి, రాత్రి 9 దాటాక బస్ దిగి ఇంటికి నడవండి, వర్షం పడ్డ మర్నాడు ఇంకోసారి చూడండి. ఇంకో విషయం, అద్దె తట్టుకోలేక మీరు వెళ్ళే చోటు మామూలుగా అదే రైలు లైన్‌లో తర్వాతి స్టేషనే అవుతుంది, మీలాగే అందరూ అక్కడికే వెళ్తారు కాబట్టి ఇంకో నాలుగేళ్ళలో అదీ మారుతుంది. ఒకసారి కదిలితే మళ్ళీ కదలక్కర్లేని చోటు చూసుకోవాలి, అవసరమైతే ఇంకొంచెం దూరం పోయినా పొడవాటి అగ్రిమెంట్ దొరికే చోటికే పోవాలి. చిన్నపిల్లలు లేని, ఇంట్లోంచి పనిచేసుకోగలిగే, పెద్దవాళ్ళ బాధ్యత లేని జంటలకైతే ఈ దారే మంచిదని నేను నేరుగా చెప్తాను, ఉన్నచోటే వేలాడి ప్రతి ఏడాదీ పెంపు కోసం భయపడుతూ కూర్చోనక్కర్లేదు.

కలిసి నిలబడటం

దీన్ని ఎవరూ దారి కింద లెక్కేయరు, నాకు మాత్రం మిగతా మూడిటికన్నా ముందు ప్రయత్నించాల్సింది ఇదే అనిపిస్తుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980 నుంచి ఒక చట్టం ఉంది, ఇప్పుడు కొన్ని రకాల ఇళ్ళకి మినహాయింపు ఉన్నా, బిల్డింగ్ అమ్మాలనుకుంటే ఓనర్ ముందుగా అందులో అద్దెకున్నవాళ్ళకి కొనుక్కునే అవకాశం ఇవ్వాలి, అలా అద్దెదారులు సంఘం పెట్టుకుని లోన్ తెచ్చుకుని కొనుక్కున్న బిల్డింగులు చాలా ఉన్నాయి. బాస్టన్‌లో డడ్లీ స్ట్రీట్ చుట్టుపక్కల జనం 1984లో సంఘంగా ఏర్పడ్డారు, అప్పటికి అక్కడ ఎటు చూసినా ఖాళీ జాగాలు, చెత్త, కాలిపోయిన ఇళ్ళ ఆనవాళ్ళు, 1988లో ఆ ఖాళీ భూముల్ని నష్టపరిహారం ఇచ్చి సేకరించే అధికారమే నగరం నుంచి సంపాదించారు. అక్కడ భూమి ఆ సంఘం పెట్టిన ట్రస్టు పేరు మీద ఉంటుంది, ఇల్లు మాత్రం కుటుంబానిది, అమ్ముకోవచ్చు గానీ ధరకి పరిమితి ఉంటుంది, దానివల్ల తర్వాత కొనే మామూలు కుటుంబానికి కూడా అది అందుతుంది. పెద్ద లాభం రాదు, ఆ సంగతి ఒప్పుకునే చేరాలి.

మీ దగ్గర ఇలాంటి చట్టం లేకపోయినా మెట్ల దగ్గర 10 మంది కూర్చుని ఎవరెవరి అగ్రిమెంట్ ఎప్పుడు అయిపోతుందో ఒక కాగితం మీద రాసుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. మేం ఆ పని చేసింది నోటీస్ వచ్చాక, అప్పుడు తెలిసింది, ఒక్కొక్కరికి ఒక్కో అద్దె, ఒక్కో గడువు, ఇద్దరికైతే నువ్వు ఖాళీ చేస్తే డబ్బిస్తాం ఎవరికీ చెప్పకు అన్నారంట. మొదటే కలిసి ఉంటే ఖాళీ చేసే గడువైనా పెంచుకునేవాళ్ళం, మా పైఅంతస్తు వాళ్ళు ముగ్గురు చివరిదాకా కలిసి ఉండి స్కూల్ సెలవల దాకా గడువు రాయించుకున్నారు. దీనికి ఓపిక కావాలి, మీటింగులు, గొడవలు, ఒకరు మధ్యలో వెళ్ళిపోవడం, ఇవన్నీ ఉంటాయి. నెల రోజుల్లో తేలాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్ళకి ఇదొక్కటే సరిపోదు, ఇంకో పక్క ఇల్లు కూడా వెతుక్కుంటూనే ఉండాలి.

షాపు నడిపేవాళ్ళ సంగతి ఇంకా కష్టం, ఇళ్ళ అద్దెకున్నంత రక్షణ షాపులకి చాలా చోట్ల ఉండదు, పైగా షాపు కదిలితే కొనేవాళ్ళు వెంట రారు. సియోల్‌లో సియోంగ్సు-డాంగ్ అనే పాత చెప్పుల కార్ఖానాల పేట కేఫ్‌లతో ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నప్పుడు, ఆ జిల్లా 2015లో ప్రత్యేకంగా నిబంధన తెచ్చి ఓనర్లతో, షాపులవాళ్ళతో కలిపి అద్దెలు విపరీతంగా పెంచబోమని ఒప్పందాలు రాయించింది. ఓనర్లు ఇష్టపడి చేసుకునేవే అవి, అయినా రాతలో ఉంది కదా. మీరు షాపులో ఇంటీరియర్ మీద డబ్బు పెట్టేముందు ఆ ఖర్చు తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో అన్నేళ్ళకి లీజ్ ఉందా చూసుకోండి, లేకపోతే మీరు బాగుచేసిన షాపుకి మీరే ఎక్కువ అద్దె కట్టాల్సి వస్తుంది.

సొంత ఇల్లుండి అమ్మాలా ఉంచాలా అని ఆలోచించేవాళ్ళకి నా మాట చిన్నది. వచ్చిన డబ్బుతో ఇదే ఏరియాలో మళ్ళీ కొనలేరు కాబట్టి ఎక్కడికి వెళ్తారో తేల్చుకోకుండా రేటు చూసి సంతకం పెట్టకండి, బిల్డర్‌కి ఇస్తుంటే కట్టేంతకాలం అద్దె ఎవరు కడతారు, ఆలస్యమైతే ఏంటి అన్నది కాగితం మీదకి రానివ్వండి. ఇంట్లో అద్దెకున్నవాళ్ళుంటే బేరం మొదలైనప్పుడే వాళ్ళకి చెప్పండి, సంతకాలయ్యాక కాదు. మాకు ఆర్నెల్లు ముందు తెలిసి ఉంటే మా చిన్నాడు పరీక్షల ముందు స్కూల్ మారేవాడు కాదు, అత్తగారికి నడిచివెళ్ళే దూరంలో డాక్టర్ ఉన్న ఇల్లు వెతుక్కునేవాళ్ళం.